గాలిలో సబ్బు

మా సందులో తనూజ మీద మొదట పుట్టిన మాట, ఆ పిల్ల సబ్బు ముట్టుకోదని. పొద్దున్నే అందరూ కుళాయి దగ్గర చేతులు రుద్దుకుంటుంటే ఆమె ఉత్త నీళ్లతో కడుక్కుని, చేతులు గాలికి ఆరబెట్టుకుంటూ యూనివర్సిటీకి వెళ్లే బస్సు కోసం నడిచేది. తలకు నూనె లేదు, ముఖానికి క్రీము లేదు. ముప్పై దాటిన మనిషి, కెమిస్ట్రీలో పరిశోధన చేస్తోంది, ఇదెక్కడి మడి అని ఆడవాళ్లు నవ్వుకునేవారు. అది మడి కాదు, అనుమానం. ఆమె వెతుకుతున్నది గాలిలోని సబ్బును. తన చేతి సబ్బే సీసాలో పడితే ఏది గాలిదో, ఏది తనదో తేలదు కదా.

బిలాస్‌పూర్‌లో తోర్వా వైపు, రైలు పట్టాలకు దగ్గరగా ఉంటుంది మా సందు. తాతల నాడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చినవాళ్ల ఇళ్లే ఎక్కువ. తనూజ తండ్రి సూర్యం రైళ్లను పట్టా మార్చే పాయింట్స్‌మన్‌గా చేసేవాడు. ఒకసారి యార్డులో బొగ్గు వ్యాగన్లు పట్టాలు తప్పితే, పాయింటు సరిగా వెయ్యలేదని ఆయన మీద అనుమానపడి సస్పెండ్ చేశారు. విచారణ ఏళ్ల తరబడి సాగింది. చివరికి పట్టాయే విరిగి ఉందని, ఆయన తప్పేమీ లేదని తేలింది. ఈలోగా సందులో సగంమంది ఆయనతో మాటలు మానేశారు. మానని వాళ్లలో అచ్చియమ్మ ఒకతె. భర్త పోయాక సందు మొదట్లో, తన ఇంటి కిటికీ కింద సిగ్డీ, అంటే బొగ్గుల పొయ్యి, పెట్టుకుని ఇడ్లీలు అమ్ముకుంటోంది. ఆ రోజుల్లో ఆవిడ పళ్లెంలో ఇడ్లీలు పెట్టుకుని, పట్టపగలు, అందరూ చూస్తుండగానే సూర్యం ఇంటికి నడిచి వెళ్లేది. తనూజ అప్పుడు చిన్నపిల్ల. ఆ ఇడ్లీల రుచి కంటే, వాటిని ఆవిడ మూత పెట్టకుండా తీసుకురావడమే తనకు గుర్తుందని పెద్దయ్యాక చెప్పేది.

సూర్యం పోయాడు. తల్లి సౌభాగ్య, తనూజ అదే ఇంట్లో ఉంటున్నారు. పోయిన చలికాలానికి ముందు చలికాలం, తనూజ ఒక ఇనుప స్టాండు, గొడుగులాంటి మూత ఉన్న మిషను ఒకటి ఆటోలో తెచ్చి అప్పారావు మేడ మీద పెట్టించింది. అప్పారావు రైలింజన్లు నడిపి రిటైరైన లోకో పైలట్. సందులో అన్నిటికంటే ఎత్తైన ఇల్లు ఆయనది. మిషనులో ఒక పంపు గాలిని పీలుస్తూ ఉంటుంది. మూత కింద తెల్లటి గుండ్రటి ఫిల్టరు ఉంటుంది. రోజంతా గాలిలో తేలే సన్నటి ధూళి దాని మీద పట్టి, సాయంత్రానికి అది బూడిదరంగుకు తిరుగుతుంది.

మిషను గుర్రుమని మోగడం మొదలైన మర్నాటి నుంచే సందులో గుసగుసలు మొదలయ్యాయి. పాత క్వార్టర్లు పడగొట్టడానికి సర్వే అన్నారు కొందరు. గాలి బాగోలేదని తేల్చి అందరినీ ఖాళీ చేయిస్తారన్నారు ఇంకొందరు. సిగ్డీలో బొగ్గు కాల్చే ఇళ్లను పట్టుకునే మిషను అన్న మాట మాత్రం నిలబడిపోయింది. ఎందుకంటే మా దగ్గర సిగ్డీ లేని ఇల్లు తక్కువ. ఆ బొగ్గు ఎక్కడిదని అడిగితే అందరి చూపూ పట్టాల మీది వ్యాగన్ల వైపు పోకుండా ఉండదు.

అచ్చియమ్మ తిన్నగా అడిగేసింది. అప్పారావు మేడ మీద వడియాలు పెట్టుకోవడానికి, బట్టలు ఆరేసుకోవడానికి ఆవిడకు ఎప్పటినుంచో అలవాటు. ఒక ఉదయం తనూజ ఫిల్టరు మారుస్తుంటే పక్కన వచ్చి నిలబడింది.

"ఏటే గుంటా, నా సిగ్డీ పొగ ఇందులోకి పోతాదేటి?"

"పోతుంది పిన్నీ. అందరి పొగా పోతుంది. రైళ్ల దుమ్ము, లారీల పొగ, అన్నీ."

"అచ్ఛా. పోతే నా పేరు పడతాదా?"

"పేరెలా పడుతుంది? ఇందులో సబ్బులాంటి పదార్థం ఎంతుందో చూస్తాను, అంతే. పొగలో ఉంటుంది, బొగ్గు దుమ్ములో ఉంటుంది. అది ఉంటే పొగమంచు బొట్లు త్వరగా కడతాయి. ఊపిరితిత్తుల్లోకి వెళ్లే విషాలు కూడా దాంతో సులువుగా కరుగుతాయి."

అచ్చియమ్మ ఫిల్టరు వైపు కాసేపు చూసింది. "గాలిలో సబ్బా," అంది. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. వడియాల గుడ్డ దులుపుకుని దిగిపోయింది.

యూనివర్సిటీలో తనూజ పని ఒక పాదరసం బొట్టుతో. సన్నటి గాజు గొట్టం చివర ఆవగింజ కంటే చిన్న బొట్టు వేలాడుతుంది. దాన్ని ఉప్పు కలిపిన శుభ్రమైన నీళ్లలో ఉంచి వోల్టేజి ఇస్తే కొంత కరెంటు పలుకుతుంది. ఆ నీళ్లలో ఫిల్టరు నానబెట్టిన నీళ్లు కలిపినప్పుడు, సబ్బులాంటి పదార్థం ఉంటే అది పోయి బొట్టు మీద పొరలా అంటుకుంటుంది. కరెంటు తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూసి, తెలిసిన మోతాదులతో పోల్చి, ఎంత ఉందో లెక్క కడతారు. ఆమెకు గైడ్ సత్యనారాయణమూర్తి. రాజమండ్రి మనిషి, నెహ్రూ నగర్‌లో ఉంటాడు. ఆయన మొదటి రోజే చెప్పాడు.

"చూడమ్మా, ఈ బొట్టు ఎంత ఉందో చెబుతుంది. ఏ పదార్థమో చెప్పదు. ఎవరిదో అసలే చెప్పదు. అది గుర్తు పెట్టుకుని పని చెయ్యి."

కొన్ని వారాలు అన్నీ సవ్యంగా నడిచాయి. తర్వాత ఉండి ఉండి ఒక్కో రోజు కరెంటు దబ్బున పడిపోవడం మొదలైంది. గాలిలో అంత సబ్బు ఉండే అవకాశమే లేదు. తనూజ ముందు తన మీద అనుమానపడింది. గాజు సామాను ఆమ్లంలో నానబెట్టి మళ్లీ కడిగింది. నీళ్లు మార్చింది. పాదరసం మార్చింది. ల్యాబ్ ఊడ్చే ఆవిడ ఫ్లోర్ క్లీనర్ వాడుతోందేమోనని ఆవిడ బకెట్ వాసన చూసి తిట్లు తింది. ఫలితం మారలేదు.

అప్పుడు ఖాళీ ఫిల్టరు ఒకటి తీసుకెళ్లి మేడ మీది మిషనులో పెట్టి, పంపు వెయ్యకుండానే తీసుకొచ్చి పరీక్షించింది. గాలి పీల్చలేదు కాబట్టి అందులో ఏమీ ఉండకూడదు. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారీ లేదు. మూడోసారి పాదరసం బొట్టు పూర్తిగా మూతపడినట్టయింది. ఫిల్టరు నిండా సబ్బే.

అది గాలి పని కాదు. ఎవరో చెయ్యి పెట్టారు.

మర్నాడు మూత తీసి చూస్తే లోపలి ఇనుప చట్రం అంచున తెల్లటి చార కనిపించింది. వేలితో రాసి, నీటి చుక్క వేసి నలిపితే నురగ వచ్చింది. తనూజ తల ఎత్తి చుట్టూ చూసింది. తీగ మీద అచ్చియమ్మ చీరలు ఆరుతున్నాయి. మెట్ల దగ్గర ఆవిడ బకెట్, అందులో సర్ఫు నీళ్లు అడుగంటి ఉన్నాయి. పేరు పడతాదా అని ఆవిడ అడిగిన మాట చెవిలో మోగింది. అంతకు మించి ఆమె ఆలోచించలేదు. ఆలోచించాల్సిందని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో ఆమెకే తెలియాలి.

నేరుగా ఇడ్లీ బండి దగ్గరికి వెళ్లింది. డ్యూటీకి వెళ్లేవాళ్లు చుట్టూ నిలబడి తింటున్నారు.

"పిన్నీ, మేడ మీద మిషను మూత ఎవరో తీస్తున్నారు."

"తీస్తే?"

"లోపల సబ్బు పూసి ఉంది. అక్కడికి రోజూ వచ్చేది నువ్వే. నీకు భయమైతే నాతో చెప్పొచ్చు కదా. నా పని పాడు చెయ్యడం ఎందుకు?"

అచ్చియమ్మ చేతిలో గరిటె ఆగింది. తింటున్నవాళ్లు ఇటు తిరిగారు.

"ఏటన్నావు? మళ్లీ అను."

తనూజ మేడ వైపు చెయ్యి చూపింది.

"నాను పూసినానని నువ్వు సూసినావేటి?"

"చూడలేదు. కానీ..."

"సూడకండా అంతన్నావు," అంది అచ్చియమ్మ. గొంతు పెంచలేదు. "మీ అయ్యని అన్నోళ్లు కూడా సూడనేదు."

ఆ రోజు ఆవిడ పిండి మిగిలి ఉండగానే సిగ్డీ ఆర్పేసింది. మేడ మీది చీరలు తీసుకుని వెళ్లిపోయింది. సందులో అందరికీ రెండు వైపులా అనుమానమే. అచ్చియమ్మే చేసుంటుందని కొందరు, తనూజ లెక్కలు తప్పి ఎవరో ఒకరి నెత్తిన రుద్దుతోందని కొందరు. సాయంత్రం తనూజ ఇంటికి వచ్చేసరికి సౌభాగ్య వంటింటి గడపలో కూర్చుని ఉంది. తిట్టలేదు.

"ఇప్పుడు నాను ఆవిడ గుమ్మం దాటి ఎలా పోనే?" అని మాత్రం అంది.

తర్వాతి ఆదివారం తనూజ ఎప్పటికంటే ముందుగా మేడ ఎక్కింది. మెట్ల మలుపులో ఉండగానే పైన ఇనుము కదిలిన చప్పుడు వినిపించింది. చప్పుడు కాకుండా మిగిలిన మెట్లు ఎక్కి చూసింది. మిషను మూత తీసి పక్కన పెట్టి ఉంది. అప్పారావు వంగి, తడి గుడ్డతో లోపలి చట్రాన్ని గుండ్రంగా తుడుస్తున్నాడు. పక్కన చిన్న మగ్గులో నురగ.

"మావయ్యా! ఏం చేస్తున్నారు?"

ఆయన ఉలిక్కిపడలేదు. "తుడుస్తన్నానమ్మా. ఎంత దుమ్మో సూడు. ఇంజిన్ అద్దం ఇలాగుంటే మేం డ్యూటీ ఎక్కేవాళ్లమేటి?"

"ఎప్పటినుంచి తుడుస్తున్నారు?"

"స్కూటర్ కడిగినప్పుడల్లా. మిగిలిన సబ్బునీళ్లు పైకి తెచ్చుకుంటాను. ఏటి, తప్పా?"

తనూజ పిట్టగోడ మీద కూర్చుంది. కోపం వస్తోంది, ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియడం లేదు. అంతలో ఇంకో మాట తట్టింది.

"మావయ్యా, అచ్చియమ్మ పిన్నిని నేనన్న మాట మీరు విన్నారు కదా. అప్పుడైనా మీకు అనుమానం రాలేదా?"

అప్పారావు గుడ్డ పిండాడు.

"వొచ్చింది," అన్నాడు. "నానే అని సెప్తే మిషను తీసుకుపోతావనిపించింది. దాని చప్పుడు ఇంటుంటే లోకో షెడ్డులో ఉన్నట్టుంటాది. ఆవిడతో రేపు సెప్దాం, ఎల్లుండి సెప్దాం అనుకున్నాను."

"అనుమానం వచ్చాక కూడా మళ్లీ మూత తీశారు."

"ఇవాళ ఊరికే నీళ్లతో తుడుద్దామనే వొచ్చినాను," అన్నాడు. మగ్గులో నురగ ఉంది. ఇద్దరూ దాన్ని చూశారు.

మూర్తి గారికి అంతా చెప్పేసరికి ఆయన ఆ చలికాలం ఫలితాలన్నీ పక్కన పడేయమన్నాడు. మిషనుకు తాళం వేయించాడు. తాళం చెవి ఇవ్వనని తనూజ చెప్పినప్పుడు అప్పారావు తల ఊపాడే గాని, అప్పటినుంచి ఆమెను చూస్తే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు.

మళ్లీ మొదటినుంచి కొలిచింది. ఇప్పుడు ఖాళీ ఫిల్టర్లు శుభ్రంగా వచ్చాయి. వింతేమిటంటే, గాలి ఫిల్టర్లలో కొన్ని రోజులవి అప్పటికీ ఎక్కువే చూపించాయి. ముందున్నంత కాదు గాని, మామూలు కంటే బాగా ఎక్కువ. ఆ రోజుల్లో గాలి ఎటునుంచి వీచిందో చూస్తే, యార్డు అవతల, వ్యాగన్లకు బొగ్గు ఎక్కించే ఒక ప్రైవేటు సైడింగ్ ఉన్న దిక్కు నుంచి.

"మొదట అచ్చియమ్మ, తర్వాత అప్పారావు, ఇప్పుడు సైడింగా?" అన్నాడు మూర్తి. నవ్వలేదు. "దుమ్ము లేవకుండా బొగ్గు మీద నీళ్లు చల్లుతారు. నీళ్లు బొగ్గుకు బాగా పట్టాలని కొందరు అందులో సబ్బులాంటిది కలుపుతారు. వాళ్లు కలుపుతున్నారో లేదో నీకు తెలుసా?"

"తెలియదు సార్."

"అయితే తెలుసుకో. ఈసారి అనకముందే తెలుసుకో."

తనూజ సైడింగ్ గేటు దగ్గరికి వెళ్లింది. లోపల వ్యాగన్ల మీద నీళ్లు తుంపర్లుగా పడుతున్నాయి. సూపర్‌వైజర్ ఒకతను వచ్చి, ఎవరు, ఎక్కణ్నుంచి, ఎందుకు అని అడిగాడు. నీళ్లలో ఏమైనా కలుపుతారా అని ఆమె అడిగితే "బస్ పానీ హై, మేడమ్," ఉత్త నీళ్లేనన్నాడు. అంటూనే ఫోను ఎత్తి ఆమె ఫొటో తీసుకున్నాడు. రెండు రోజుల తర్వాత ఎవరో మనిషి సందులోకి వచ్చి, మేడ మీద మిషను ఎవరిది, ఎవరు పెట్టమన్నారు అని అడిగి వెళ్లాడు. డిపార్ట్‌మెంటుకు ఒక ఫోను వచ్చింది, పేరు చెప్పకుండానే పెట్టేశారు. అప్పటినుంచి తనూజ ఫిల్టర్లను ల్యాబ్ అలమారలో కాకుండా తన సంచిలో పెట్టుకుని తిరిగేది. బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా సంచి ఒళ్లోకి లాక్కునేది.

ఆ అనుమానం తీరాలంటే సైడింగ్‌లో చల్లిన నీళ్లు తడిసిన బొగ్గు కావాలి. అది లోపలికి వెళ్లకుండా దొరికేది, ఆ వ్యాగన్ల బొగ్గే కాల్చే మా సందు సిగ్డీల దగ్గరే. అచ్చియమ్మకు క్షమాపణ చెప్పాల్సిన మాట ఎలాగూ గొంతులో ముల్లులా ఉంది. ఒక మధ్యాహ్నం, బండి దగ్గర ఎవరూ లేనప్పుడు వెళ్లింది.

"పిన్నీ, తప్పు నాది. నువ్వు కాదని తెలిసింది. అందరి ముందూ అన్నాను, అందరి ముందూ చెప్పమంటే చెప్తాను."

అచ్చియమ్మ గిన్నెలు తోముతోంది. "అప్పారావు సెప్పినాడులే. ఆడికి ఇన్నాళ్లకి నోరొచ్చింది."

"నా మీద కోపం పోలేదా?"

"కూకో," అంది. తనూజ పీట మీద కూర్చుంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు.

"పిన్నీ, నీ సిగ్డీ బొగ్గు ఒక ముక్క ఇస్తావా? పరీక్ష కోసం. దాన్ని నీళ్లలో కడిగి చూడాలి."

అచ్చియమ్మ చేతిలో గిన్నె పక్కన పెట్టింది. తల ఎత్తి తనూజ ముఖంలోకి చూసింది.

"చమించమని వొచ్చినావా, బొగ్గు కోసం వొచ్చినావా?"

తనూజ రెండిటి కోసమూ వచ్చింది. ఏది ముందో ఆమెకే తెలియదు.

"బొగ్గు ఎక్కడిదని రేపు ఎవుడో అడుగుతాడు. నువ్వు సెప్పవు. నీ మిషను సెప్తాది. ఎల్లిపో," అంది అచ్చియమ్మ.

తనూజ లేచి వచ్చేసింది. ఆ తర్వాత ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. సైడింగ్ గోడ కింద నుంచి రోడ్డు మీదికి కారే నీళ్లను, నలుగురూ నడిచే చోట వంగి, సీసాలో పట్టుకుంది. ఆ నీళ్లు కలపగానే పాదరసం బొట్టు మీద కరెంటు పడిపోయింది. తనూజ ఆనందపడింది. అరగంటకే ఆ ఆనందం పోయింది. రోడ్డు మీద ఎందరో బళ్లు కడుగుతారు. ఏ ఇంటి బట్టల నీళ్లైనా అక్కడికి పారి ఉండొచ్చు. సైడింగే అనడానికి ఆమె దగ్గర ఉన్నది అచ్చియమ్మ బకెట్ లాంటి సాక్ష్యమే.

వ్యాసంలో ఆమె ఉన్నదే రాసింది. ఫలానా దిక్కు నుంచి గాలి వీచిన రోజుల్లో ఎక్కువ ఉంది, బొగ్గు మీద చల్లే నీళ్లు ఒక కారణం కావచ్చు, రుజువు లేదు అని. మొదటి చలికాలం ఫలితాలు సబ్బు గుడ్డ వల్ల చెడిపోయాయని కూడా రాసింది. అది తీసేయమని ఎవరైనా అంటారేమోనని మూర్తి వైపు చూసింది. ఆయన పేజీ తిప్పి సంతకం పెట్టాడు. సైడింగ్ వాళ్లు అవతల ఎత్తుగా ఆకుపచ్చ వల కట్టుకున్నారు. లోపల ఏం చల్లుతున్నారో ఇప్పుడు రోడ్డు మీదికి కనిపించదు.

ఈ చలికాలం మొదట్లో ఒక ఉదయం అచ్చియమ్మ తనంతట తనే మేడ ఎక్కి వచ్చింది. అటూ ఇటూ చూసి, మెట్ల తలుపు దగ్గరగా వేసింది.

"నా పొగలో ఎంతుందో సూడు," అంది. "నాకే సెప్పాల. కాయితం మీద రాయకూడదు."

"ఎందుకు పిన్నీ ఇప్పుడు?"

"కోడలికి దగ్గు తగ్గట్లేదు. సిగ్డీ దాని కిటికీ కిందే కదా."

తనూజ చిన్న పంపు ఒకటి తెచ్చి సిగ్డీ పక్కన పెట్టింది. పంపు నడిచినంతసేపూ అచ్చియమ్మ దాని దగ్గరే కూర్చుంది, చూపు తిప్పలేదు. ఫిల్టరు సంచిలో పెట్టుకుంటుంటే ఆ సంచిలో ఇంకేముందో చూపించమంది. తనూజ చూపించింది.

ఫలితం తనూజ అనుకున్నదాని కంటే చాలా ఎక్కువ వచ్చింది. మేడ మీద సైడింగ్ గాలి వీచిన రోజు కంటే కూడా ఎక్కువ. తగ్గించి చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది. చెప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

అచ్చియమ్మ విని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇంకెవరికి సెప్తావు?"

"ఎవరికీ చెప్పను."

"సెప్పవని నాకెలా తెలస్తాది?"

తనూజ దగ్గర దానికి పాదరసం బొట్టు లేదు. "తెలియదు పిన్నీ," అంది.

మర్నాడు పొద్దున సిగ్డీ కిటికీ కింద లేదు. రోడ్డు అవతల, గోడ పక్కన, పొగ ఇంటి వైపు రాని చోట పెట్టి ఉంది. గిన్నెలు అటూ ఇటూ మోసుకోవడం ఆవిడకు పని పెంచింది. మోస్తూనే ఉంది. సౌభాగ్య ఎదురుపడితే ఆగి మాట్లాడుతోంది, అప్పుడప్పుడు పళ్లెం కూడా పంపుతోంది. తనూజ అటుగా బస్సుకు నడిచినప్పుడు మాత్రం బొగ్గు గోనె మీద పాత దుప్పటి లాగి కప్పుతుంది. తనూజ అది చూస్తుంది, చూడనట్టు పోతుంది.